నంబరు ఈడనే ఉంటాది

జూన్ 6, 1999. ఆదివారం. ఉరవకొండ

కళ్యాణదుర్గం ఖాయమైంది. శెనక్కాయల మిల్లులో తూకం చూసే పని. చేను అమ్మేశాక ఈ ఊళ్లో నాకు పనేముంది, పొద్దున లేచి మిద్దె ఎక్కి మబ్బులు చూడటం తప్ప? అవేమో బళ్లారి వైపు నుంచి వస్తాయి, మన ఊరు చూడగానే మొహం తిప్పుకుని పోతాయి. చూసి చూసి మెడ నొప్పి తప్ప ఇంకేం మిగల్లేదు.

ఇది అద్దె ఇల్లే, తాళం చెవి ఇచ్చేస్తే అయిపోతుంది. ఫోను, గ్యాసు, రేషను కార్డు మాత్రం అక్కడికి మార్పించుకోవాలి. ఒక్కోదానికీ ఒక్కో ఆఫీసు, ఒక్కో మొహం.

ఇంద్రాణికి చెప్పాల్సిన పని లేదు. ఉగాది మరునాడే బస్సెక్కి వాళ్లక్క ఇంటికి పోయింది. కన్నడ దేశంలో తీర్థహళ్లి దగ్గర ఏదో వక్కతోట, వాళ్ల బావ అక్కడ మేస్త్రీ. నేను పంపలేదు. ఐదో బోరు ఎండిపోయింది, ఆరోది వేయిద్దామన్నాను. "ఇంగొక బోరేస్తే నేనీ ఇంట్లో ఉండ" అంది. "పోతే పో" అన్నాను. మొగుడూ పెళ్లాలు లక్ష అనుకుంటారు, అంతమాత్రాన నిజంగా పోతారా ఎవరైనా?

ఆరో బోరు వేయించాను. దాని సంగతి ఇప్పుడెందుకు.

టిఫిను తిని కూర్చున్నప్పుడు ఫోను మోగింది. ఎత్తితే ఎవరూ పలకలేదు. రాంగ్ నంబరు. అయితే ఆ వైపు వాన పడుతోంది. మామూలు వాన కాదు, రేకుల మీద కురిసే జోరువాన. ఎవరి వానో ఏమో, ఊరికే వస్తోంది కదా అని పెట్టేయకుండా విన్నాను. లైను తెగిపోయాక కూడా కాసేపు రిసీవరు చెవి దగ్గరే ఉంచుకున్నాను.

జూన్ 13. ఆదివారం

మళ్లీ రాంగ్ నంబరు. మళ్లీ అదే వాన.

జూన్ 14

కల వచ్చింది. రిసీవరు చిల్లుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ముందు చుక్కలు, తర్వాత ధార. నేను కింద బిందె పెట్టాను. బిందె నిండింది, గంగాళం నిండింది, ఇల్లంతా మోకాటి లోతు. మంచం తేలుతూ వాకిలి దాటి చేను వైపు పోయింది. చేను మనదే, ఇంకా అమ్మలేదు. ఇంద్రాణి గట్టు మీద చీర ఎత్తిపట్టుకుని నిలబడి ఏదో అంటోంది, నీళ్ల చప్పుడులో వినపడలేదు. మెలకువ వచ్చేసరికి నాలుక పిడచ కట్టుకుపోయింది. కుండలో నీళ్లు కూడా లేవు.

జూన్ 20. ఆదివారం

మోగింది. వాన తగ్గినట్టుంది, ఈసారి చూరు నీళ్లు పడుతున్నాయి. కన్నడంలో ఎవరో కూరగాయలు బేరం ఆడుతున్నారు. సంత దగ్గర ఎస్టీడీ బూత్ అయ్యుంటుంది. గాజుల చప్పుడు కూడా వినిపించింది. గాజులు వేసుకున్న ఆడవాళ్లు లోకంలో ఎంతమంది లేరు!

తర్వాత దగ్గింది. ఒక్కసారే దగ్గి, దగ్గనట్టు ఊరుకుంది.

సరే, ఇంద్రాణే. నా డైరీలో నాకెందుకు దాపరికం. ఆమె దగ్గు నాకు తెలీదా, ఇరవై ఏళ్లు పక్కన పడుకున్నాను.

నేను మాట్లాడలేదు. ఫోను చేసినవాళ్లు కదా ముందు మాట్లాడాలి. అది పద్ధతి.

జూన్ 23

టెలిఫోన్ ఆఫీసుకు పోయాను. లైన్‌మన్ కదిరప్ప మనవాడే, స్తంభాలెక్కి ఎక్కి కాళ్లు వంకర పోయాయి పాపం.

"కళ్యాణదుర్గానికి మార్చాలప్పా" అన్నాను.

"మారుస్తాం. దానికేమన్నా."

"ఇదే నంబరు అక్కడికొస్తుంది కదా?"

కదిరప్ప బీడీ తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "యాడన్నా ఉంటాదా అట్ల? ఆ ఎక్స్చేంజీ వేరే, ఈ ఎక్స్చేంజీ వేరే. ఫోను డబ్బా మీ వెంట వస్తాది. నంబరు ఈడనే ఉంటాది. ఫోను కోసం వరసలో ఉండారే, వాళ్లలో ఎవరికో ఒకరికి ఇస్తాం."

"మరి పాత నంబరుకు ఎవరైనా చేస్తే?"

"ఎవరు చేస్తారన్నా మీకు? వాళ్లకు కొత్త నంబరు చెప్పుకో, అంతే."

అంతే అన్నాడు. అక్కడ బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. వాళ్లక్క ఇంట్లో ఫోను లేదు. జాబు రాద్దామన్నా ఆ తోట పేరేమిటో, ఆ ఊరేమిటో ఎప్పుడూ అడగలేదు. పెళ్లయినప్పటి నుంచీ తీర్థహళ్లి అంటే తీర్థహళ్లి, అంతే. ఆమె ఎన్నోసార్లు చెప్పే ఉంటుంది. నేను అప్పుడు మోటారు గురించో విత్తనం గురించో ఆలోచిస్తుంటాను.

కాబట్టి ఆదివారాలు తప్ప వేరే దారి లేదు. నంబరు పోయిందంటే ఇంద్రాణికి నేను ఎక్కడున్నానో తెలీదు, నాకు ఇంద్రాణి ఎక్కడుందో తెలీదు.

భయమేసింది. ఎవరితోనూ అనలేదు.

జూన్ 27. ఆదివారం

కొత్త నంబరు ఇంకా ఇవ్వలేదు. అందుకే మాట్లాడలేదు. ఏం చెప్పాలి మరి?

వాన బాగా పడింది.

జూలై 2

నంబరు ఇచ్చారు. కాయితం మీద పెద్ద అంకెలతో రాసి ఫోను పక్కన గోడకు అతికించాను. ఎదురుగా నిలబడి నాలుగైదు సార్లు చదివాను. "ఇదిగో చూడు, నంబరు మారుతోంది, రాసుకో." ఇంతే. దీనికి ఇంత సాధన ఎందుకో నాకే అర్థం కాలేదు.

జూలై 4. ఆదివారం

చెప్పలేదు.

మోగింది, ఎత్తాను, కాయితం ఎదురుగానే ఉంది. వాన లేదు ఇవాళ, తడి ఆకుల్లో గాలి కొడుతున్నట్టుంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఒక్క మాట, "ఊ" అని ఆమె అంటే చాలు, గడగడా చదివేసేవాణ్ణి. అనలేదు. ఎంత మొండి మనిషో! నేను కూడా పంతం పట్టాను. గోడ మీద అంకెలు చూస్తూ అలాగే ఉండిపోయాను. ఆ గాలి చప్పుడు హాయిగా ఉంది, నిద్రపోయే ముందు ఎవరో విసురుతున్నట్టు. లైను తెగిపోయింది.

పర్వాలేదు. ఇంకో ఆదివారం ఉంది. పద్నాలుగో తేదీ దాకా ఇక్కడే ఉంటాను.

జూలై 6

కళ్యాణదుర్గం ఇంటి ఓనరు బయ్యన్న మిల్లు వాళ్ల చేత నాకు కబురు పెట్టించాడు. నేనే తిరిగి చేశాను.

"ఏమప్పా ఓబుళేసూ, అమావాస్య దాటితే ఆషాఢమొస్తాది. ఆషాఢంలో నా ఇంట్లోకి ఎవుర్నీ దిగనీయను. గురువారం మంచిదని అయ్యవారు చెప్పినాడు. లారీ మాట్లాడుకో."

"సోమవారం వస్తానన్నా. ఆదివారం నాకు పనుండాది."

"ఆదివారం ఏం పని? సోమవారమైతే అమావాస్య మీదికొస్తాది. నీకిష్టం లేకుంటే చెప్పు, ఇంకొకాయన అడుగుతాండాడు."

అద్దె ఇల్లు కూడా ముహూర్తం చూసుకుని దిగాలి మా దేశంలో. ఏం చెప్పను? ఆదివారం నా పెళ్లాం ఫోను చేసి మాట్లాడకుండా ఉంటుంది, నేను కూడా మాట్లాడకుండా ఉండాలి, అని చెప్పనా?

సరేనన్నాను.

జూలై 7

కదిరప్ప వచ్చి ఫోను విప్పాడు. "ఆదివారం దాకా ఉంచరాదా" అని అడిగాను. "ఖాళీ ఇంట్లో ఫోనేంటికన్నా, దయ్యాలు మాట్లాడుకునేకా?" అని నవ్వాడు. తీగ కత్తిరించేటప్పుడు నేను బయటికి పోయాను. గోడ మీద కాయితం చించుకుని జేబులో పెట్టుకున్నాను.

జూలై 9. కళ్యాణదుర్గం

నిన్న దిగాను. కొత్తింట్లోకి వట్టి చేతుల్తో పోకూడదు, నిండు బిందెతో పోవాలి. అక్కడ నీళ్లుంటాయో లేదోనని ఉరవకొండ నుంచే బిందె నింపుకుని లారీలో కాళ్ల మధ్య పెట్టుకున్నాను. బెళుగుప్ప దాటే దాకా డ్రైవరు నవ్వుతూనే ఉన్నాడు. "యాడైనా మనుషులు నీళ్లున్న తావుకు పోతారు. నువ్వు నీళ్లనే ఊరు మారుస్తాండావే!" అన్నాడు. గుంత వచ్చినప్పుడల్లా నా పంచె తడిసింది. గాలికి రోడ్డంతా ఎర్రదుమ్ము. దున్నిపెట్టిన చేలు వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి, ఒక్కరూ విత్తలేదు. బిందెలో నీళ్లు ఊగుతుంటే వాటిని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత ఎక్కడికి పోతున్నానో మరిచిపోయాను.

పాలు పొంగించడానికి ఆడమనిషి ఉండాలట. బయ్యన్న భార్య, "మీ ఇంటామె యాడన్నా?" అంది. ఊరికి పోయిందన్నాను. నేనే కిరసనాయిలు స్టవ్ మీద గిన్నె పెట్టాను. అడుగంటి మాడాయి కానీ పొంగలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో మంట పెంచి ఎలాగో పొంగించింది. ఇల్లంతా మాడు వాసన.

జూలై 11. ఆదివారం

నిన్న ఫోను పెట్టారు, పాత డబ్బానే. నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఈ నంబరు మిల్లు వాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలీదు.

పొద్దున కూర్చుని నా పాత నంబరుకు నేనే చేశాను. మోగింది! తీగ తెంపేసినా ఎలా మోగుతోందో. ఆ ఖాళీ ఇంట్లో, గోడకు తెల్లటి మచ్చ పడిన చోట మోగుతున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకున్నాను. అప్పుడే తీర్థహళ్లి నుంచి ఆమె కూడా చేస్తున్నట్టు, ఇద్దరం ఒకే ఖాళీ ఇంటిని పిలుస్తున్నట్టు. ఎవరెత్తుతారు?

జూలై 15

గ్యాసు ఆఫీసు. కనెక్షను ఇంద్రాణి పేరు మీద ఉంది. అప్పట్లో తన పేరు మీద రాయించానని ఎంత మురిసిపోయిందో, ఆ కాయితాన్ని పసుపు రాసి బీరువాలో పెట్టింది. ఆమె సంతకం లేనిదే మార్చరట. కౌంటరులో పిల్లగాడు మెల్లగా అన్నాడు, "మీరే చేసెయ్యండి సార్, ఎవరు చూస్తారు?"

చెయ్యలేదు. ఆమె పేరు ఆమే రాయాలి.

రేషను ఆఫీసులో "ఇంట్లో ఎంతమంది?" అని అడిగారు. ఇద్దరం అన్నాను.

జూలై 18. ఆదివారం

పాత నంబరుకు చేశాను. మోగలేదు. ఏదో గుర్రుమంది.

జూలై 25. ఆదివారం

చేశాను. ఎవరో ఎత్తారు!

"ఎవురు? పరుపుల అంగడి."

మాబు సాబ్. దూదేకుల మాబు సాబ్, గడియారం వీధిలో పరుపులు కుడతాడు. మా పెళ్లి పరుపు కుట్టింది ఆయనే. నంబరు ఆయనకిచ్చారట, పోయిన వారమే పెట్టించుకున్నాడు. సంతోషంలో నా మాట విననే లేదు, తన ఫోను గురించి చాలా చెప్పాడు. ఆఖరికి అడిగాను.

"మాబన్నా, ఆదివారం ఎవరైనా ఫోను చేసి పలక్కుండా ఉన్నారా?"

"ఇప్పుడే వచ్చింది. హలో హలో అంటే గమ్మునుండాది. రాంగ్ నంబరని పెట్టేసినా. ఎవురన్నా?"

నెల రోజులుగా ఎవరితోనూ అనని మాట.

"మా ఇంటామె."

"మీ ఇంటామె మీకు ఫోను చేసి గమ్మునుంటాదా?"

"ఊ."

"మరి మీరో?"

"నేనూ గమ్మునే ఉంటా."

"యా అల్లా!" అన్నాడు మాబు సాబ్. "దుడ్లు పెట్టి గమ్మునుండేది నేను యాడా చూడలే."

కొత్త నంబరు చెప్పి రాసుకోమన్నాను. ఆయనకు చదువు రాదు, భార్య మాబున్నీసాను పిలిచాడు. ఆమె అంకెలన్నీ ఒక్కొక్కటే తిరిగి చెప్పింది. "మీరేం బాధపడొద్దన్నా, ఈసారి ఆ తల్లి ఫోను నేనే ఎత్తుతా" అంది.

జూలై 28

మబ్బు పట్టింది. ఊరంతా బయటికొచ్చి నిలబడ్డారు. గాలి తీసుకుపోయింది.

ఇంద్రాణి నవ్వుతుంది తెలుసా, ఇలా మబ్బు పోయినప్పుడు. ఏడవకుండా నవ్వుతుంది. "పోనీలేప్పా, చూసినాం కదా" అంటుంది. బోరు ఎండినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆగస్టు 1. ఆదివారం

ఫోను ముందు నుంచి లేవలేదు. మోగలేదు. మధ్యాహ్నం అన్నం కూడా ఫోను పక్కనే తిన్నాను.

సాయంత్రం మోగింది, మాబున్నీసా.

"అన్నా, వచ్చింది. మాట్లాడినాం. మాట్లాడినాం అంటే సుమారుగా కాదు, అంగడిలో పరుపు కొనేకి వచ్చినోళ్లు విసుక్కొని పోయినారు."

ఇరవై ఏళ్ల పెళ్లాం నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ముక్కూ మొహం తెలీని మాబున్నీసాతో ఊరంత మాట్లాడింది. మంచిది.

"ముందు గమ్మునుండింది. నేనే చెప్పినా, అమ్మా, నువ్వు ఓబుళేసన్న ఇంటామెవని నాకు తెలుసు, ఆయన కళ్యాణదుర్గం పోయినాడు, ఈ నంబరు మాకిచ్చినారు అని. అంతే, ఏడ్చింది. రెండు వారాలు ఎవురూ ఎత్తల్యా, పోయిన వారం ఎవురో మొగాయన గొంతు వినేసరికి ఏమైందో ఏమోనని పానం కొట్టుకున్నిందంట. నువ్వు లేవేమోనని..." అక్కడ ఆగింది. "ఏమన్నా నువ్వు! మాటకు కరువా నీకు? వాన లేకుంటే పోనీ, మాట కూడా లేదా?"

తిట్టించుకున్నాను. పద్ధతి ప్రకారమే తిట్టింది, ఏం చెయ్యను.

"నంబరు రాసుకుందా?"

"రాసుకుంది. నీళ్లు యాడ నుంచి తెచ్చుకుంటాండాడు, అని అడిగింది. నాకేం తెలుసు? ఇంగొకటి అడిగింది, మళ్లీ బోరేసినాడా అని. తెలీదన్నా."

"చేస్తానందా?"

"చేస్తాదో లేదో ఆ తల్లికే తెలుసు. చేస్తే నోరు తెరువు."

ఆగస్టు 2

నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నానా? వీధి చివర కొళాయి నుంచి. వారంలో రెండుసార్లు వస్తాయి, అప్పుడు వీధి వీధంతా బిందెలు. ఆమె అడిగిందనే పొద్దున్నుంచీ అదే తలుచుకుంటున్నాను.

ఆగస్టు 5

బయ్యన్న వాకిట్లో ఇంటి కొళాయి ఉంది. దాన్నుంచి మా వంటింటి దాకా పైపు వేసుకుంటానంటే ఒప్పుకున్నాడు. "ఒంటి మనిషివి, పైపేంటికి నీకు?" అన్నాడు. నడుము నొప్పి అన్నాను. నడుము నొప్పి నిజమే.

మట్టి నేనే తవ్వాను. రాత్రి కలలో కూడా తవ్వుతూనే ఉన్నాను. బోరు కాదు, మూరెడు లోతే. అయినా తవ్విన చోటల్లా చల్లగా తడి తగిలింది.

ఆగస్టు 7

వంటింట్లో కొళాయి తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రగా, తర్వాత తెల్లగా నీళ్లు. చేయి కింద పెట్టి నిలబడ్డాను. బయ్యన్న అరిచేదాకా కట్టెయ్యలేదు.

ఆగస్టు 8. ఆదివారం

మోగింది.

ఎత్తాను. అటు వైపు వాన ఉందో లేదో వినలేదు. వినడానికి కూర్చుంటే మళ్లీ అందులోనే పడిపోతానని నాకు తెలుసు. ఆమె ఊపిరి వినపడగానే మొదలుపెట్టాను.

"నేనే. బాగుండా. చేను అమ్మేసినా, ఇంగ బోరు లేదు, వెయ్యను. ఆరోది వేసినా, అదీ ఎండిపాయె, నువ్వు చెప్పిందే అయ్యె. మిల్లులో పని. ఇల్లు బాగుండాది, పడమటి గాలి వస్తాది. కరెంటు రాత్రిళ్లు పోతాది గానీ మళ్లీ వస్తాది. వంటింట్లోకి కొళాయి వేసినా, నిన్ననే నీళ్లు వచ్చినాయి, నువ్వు వంగి మోసే పని లేదు. రేషను కార్డు మార్చినా, ఇద్దరి పేర్లూ ఉండాయి. గ్యాసొకటే మారల్యా, నీ సంతకం కావాలంట. ఇంట్లో పాలు పొంగలే, బయ్యన్న పెండ్లాము పొంగించింది..."

ఇంకా ఏమేమో చెప్పాను. లారీ, బిందె, డ్రైవరు నవ్వింది. ఊపిరి తీసుకోవడానికి భయపడి చెప్పుకుంటూ పోయాను. ఆపితే ఆ నిశ్శబ్దం మళ్లీ వస్తుంది కదా. ఎక్కడో ఆగాల్సి వచ్చింది. ఆగాను.

కాసేపటికి ఇంద్రాణి గొంతు. ఎన్నాళ్లయింది ఆ గొంతు విని.

"అన్నీ చెప్పినావు" అంది. "రమ్మని మాత్రం చెప్పల్యా."

నిలబడ్డవాణ్ణి కింద కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేమీ లేదు, ఎవరూ లేరు.

"రా ఇంద్రాణీ" అన్నాను. లైను బాగాలేదు కదా, వినపడిందో లేదోనని మళ్లీ గట్టిగా అన్నాను. మూడోసారి కూడా అన్నాను. లైను బాగానే ఉంది.